దొరగారి మతిమరుపు

మతిమరుపుల్లోకెల్లా మర్యాద తెలిసిన మతిమరుపు ఏదంటే, 1942లో ఎం.జి.ఎం. స్టూడియో తీసిన ‘రాండమ్ హార్వెస్ట్’లో రొనాల్డ్ కోల్మన్‌కి వచ్చినదే. ఎవరిని మరిచిపోవాలో, దేన్ని గుర్తుపెట్టుకోవాలో దానికి బాగా తెలుసు. లివర్‌పూల్ వీధిలో టాక్సీ గుద్దగానే ఆయన మరిచిపోయినవేమిటయ్యా అంటే కట్టుకున్న భార్య, అప్పుడే పుట్టిన కొడుకు, పల్లెటూళ్లో ఓ చిన్న ఇల్లు, పత్రికలకి రాసుకుని సంపాదించుకుంటున్న నాలుగు రాళ్లు. అదే క్షణాన గుర్తొచ్చినవేమిటంటే ఇంటిపేరు, తండ్రి పేరు, రాండమ్ హాల్ అనే భవంతి, ఆ భవంతికి పోయే దారి. అప్పుల్ని మరిచి ఆస్తుల్ని గుర్తుపెట్టుకునే ఇంతటి లెక్క మామూలు మెదడుకి సాధ్యం కాదు. వెనకాల అనుభవజ్ఞుడైన ఆడిటరెవరో ఉండాలి.

కథ చెబుతాను. నమ్మమని మాత్రం అడగను.

1918 నవంబరు. ఇంగ్లండులో మెల్‌బ్రిడ్జ్ అనే ఊరి పిచ్చాసుపత్రిలో ఒక సైనికాధికారి ఉన్నాడు. కందకంలో దొరికాడు, పేరు తెలీదు, మాట సరిగ్గా పెగలదు. జాన్ స్మిత్ అని పేరు పెట్టారు. యుద్ధం ముగిసిందన్న వార్త వచ్చిన రాత్రి కాపలావాళ్లు కూడా సంబరాలకి పోయారు. గేటు తెరిచి ఉంది, మంచు దట్టంగా ఉంది, స్మిత్ నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చేశాడు. పొగాకు కొట్టులో పౌలా అనే అమ్మాయి తగిలింది. మ్యూజిక్ హాల్లో ఆడుతూ పాడుతూ పొట్టపోసుకునే మనిషి. గ్రీర్ గార్సన్ వేసిందా వేషం. మనిషిని చూడగానే ఆసుపత్రి నించి వచ్చేశాడని పోల్చుకుంది, అయినా జాలిపడింది. జాలి ప్రేమైంది. ఉన్న ఉద్యోగం వదులుకుని, అతన్ని తీసుకుని డెవన్ జిల్లాలో ఓ పల్లెకి పోయింది. పెళ్లి, కీచుమనే గేటున్న ఇల్లు, దారి మీదికి వంగిన పూలకొమ్మ, కొడుకు. అన్నీ వరసగా జరిగిపోయాయి. లివర్‌పూల్లో ఒక పత్రిక వాళ్లు ఉద్యోగానికి రమ్మంటే ఒక్క రాత్రికని బయల్దేరాడు. తడి రోడ్డు, జారిన కాలు, టాక్సీ. లేచేసరికి స్మిత్ లేడు. చార్లెస్ రైనియర్ అనే జమీందారు బిడ్డ ఉన్నాడు, మధ్యలో మూడేళ్లు లేవు. ఇంటికెళ్లాడు. సరిగ్గా తండ్రి అంత్యక్రియల వేళకి చేరాడు. టాక్సీ ఒక్కరోజు ఆలస్యంగా గుద్ది ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు గాని, ఆస్తి పంపకాల సమయానికి జ్ఞాపకశక్తి ఇంత ఠంచనుగా హాజరు కావడం మనదేశంలో కూడా చూశాం. అక్కడ టాక్సీ అవసరం కూడా పడదు.

ఈ మూడేళ్లలో ఏం జరిగిందో కనుక్కోవడానికి పెద్దమనిషి ఏం చేశాడు? జేబులో ఒక తాళంచెవి ఉంది. ఏ తలుపుదో తెలీదు. దాన్ని గొలుసుకి తగిలించుకుని, ఆలోచన వచ్చినప్పుడల్లా వేళ్ల మధ్య తిప్పాడు. అంతే. త్వరలోనే ఇంగ్లండు పారిశ్రామికుల్లో యువరాజంతటివాడు అనిపించుకున్నాడు, అతనికి ఎంతమంది గుమాస్తాలుంటారో ఊహించుకోండి. ఒక్కణ్ని లివర్‌పూల్ పంపించి, ఫలానా తేదీన ఏ హోటల్లో ఏ పేరుతో ఎవరు దిగి మర్నాడు సామాను వదిలేసి మాయమయ్యారో అడిగించి ఉంటే సాయంత్రానికి సమాధానం వచ్చేది. పత్రికలో నాలుగు వరసల ప్రకటన వేయించినా సరిపోయేది. అబ్బే. బోర్డు మీటింగులున్నాయి. పెట్టె కోసం లివర్‌పూల్ వెళ్లాలన్న ఆలోచన పదేళ్లు దాటాక గానీ రాదు, అదీ సెక్రటరీ గుర్తుచేస్తే. హోటలు వాళ్లు మాత్రం ఆ పెట్టెని అన్నేళ్లూ భద్రంగా దాచి ఉంచారు. ఈ సినిమాలో జ్ఞాపకశక్తి ఉన్న సంస్థ ఆ హోటలొక్కటే.

ఆ సెక్రటరీ ఎవరనుకున్నారు? పౌలాయే.

పాపం, ఆవిడ కొడుకుని పోగొట్టుకుంది, జబ్బుపడింది, ఆఫీసు పని నేర్చుకుంది, పత్రికలో మొగుడి ఫొటో చూసింది, మార్గరెట్ హాన్సన్ అన్న పేరుతో అతని ఆఫీసులోనే చేరింది. పిల్లవాడు చనిపోయిన సంగతి, ఒంటరి బతుకు, ఆకలి, వెతుకులాట అన్నీ కలిపి సినిమాలో మాటల్లో తేలిపోతాయి. రెండు గంటలపైన సినిమా. అందులో అతను తాళంచెవి తిప్పే దృశ్యాలకి ఇచ్చినంత చోటు కూడా ఆ పిల్లాడి చావుకి దక్కలేదు. ఎవరి కథ ఇది అని అడిగితే ఇద్దరిదీ అంటారు పోస్టరు వేసినవాళ్లు. కెమెరాని అడిగితే వేరే మాట చెబుతుంది.

ఇక రోజూ పొద్దున్నే ఆ సెక్రటరీ ఎదురుగా కూచుంటుంది. అదే ముఖం, అదే గొంతు, అవే కళ్లు. అతను డిక్టేషన్ ఇస్తాడు, ఆవిడ రాసుకుంటుంది. ‘ఎక్కడో చూసినట్టుంది’ అని కూడా అనుకోడు. ఇక్కడ నవలా రచయిత జేమ్స్ హిల్టన్‌కి న్యాయం చెయ్యాలి. 1941లో వచ్చిన నవలలో ఆ సెక్రటరీయే, ఆ తర్వాతి భార్యే, ఒకనాటి పౌలా అన్న సంగతి పాఠకుడికి కూడా చివరి పేజీ దాకా తెలీదు. పుస్తకంలో ముఖాలుండవు కదా, రహస్యం దాక్కుంటుంది. చదివినవాడు అదిరిపడి, వెనక్కి వెళ్లి మళ్లీ మొదటినించీ తిరగేస్తాడు. అది కథకుడి పనితనం. తెర మీద ఆ వీలు లేదు, గ్రీర్ గార్సన్ ముఖం గ్రీర్ గార్సన్ ముఖమే. అందుకని స్క్రీన్‌ప్లే రాసిన ముగ్గురూ కలిసి తెలివైన పని చేశారు. రహస్యాన్ని ప్రేక్షకుడికి ముందే చెప్పేసి, హీరో ఒక్కడి దగ్గరే దాచారు. దాంతో ఉత్కంఠ పెరిగిన మాట నిజమే. దానికి హీరో చెల్లించిన వెల మాత్రం తెలివి. నవలలో మోసపోయినవాడు పాఠకుడు. సినిమాలో హాలంతటికీ తెలిసిన సంగతి తెలియనివాడు దేశంలోకెల్లా తెలివైన వ్యాపారవేత్త.

మరి ఆవిడ ఎందుకు చెప్పలేదు? నోరుంది, పెళ్లి నమోదైన చర్చి ఉంది, పెళ్లి చేసిన పాస్టరు ఉన్నాడు. డాక్టరు వద్దన్నాడు! జ్ఞాపకం తనంతట తాను లోపలినించి రావాలట, బయటినించి చెబితే లాభం లేదట. సలహా ఇచ్చింది బెనెట్ అనే మనస్తత్వ వైద్యుడు. ఫిలిప్ డోర్న్ వేశాడు, చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఈయనెవరో తెలుసా? మెల్‌బ్రిడ్జ్ ఆసుపత్రిలో స్మిత్‌కి వైద్యం చేసిన డాక్టరే. అంటే రోగి ముఖం తెలుసు, చరిత్ర తెలుసు, ఇప్పుడు ఎక్కడున్నాడో తెలుసు. ఇంకో సంగతి కూడా ఉంది, ఆయనకి పౌలా అంటే ప్రేమ. పెళ్లి చేసుకుంటానని కూడా అంటాడు. రోగి భార్యని పెళ్లాడాలనుకుంటున్న వైద్యుడు ‘నీ మొగుడికి నిజం చెప్పకు’ అని సలహా ఇస్తే, మా వైపు పల్లెల్లో దాన్ని వైద్యం అనరు. సినిమాలో మాత్రం త్యాగం అన్నారు. ఈ సినిమాలో త్యాగం చెయ్యనిది టాక్సీ డ్రైవరొక్కడే.

వైద్యం మాట వచ్చింది గనక ఒక మాట. శాలీ బ్యాక్సెండేల్ అనే న్యూరోసైకాలజిస్టు 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో సినిమా మతిమరుపుల మీద ఒక వ్యాసం రాసింది. నిజంగా మెదడు దెబ్బతిన్నవాళ్లకి ఎక్కువగా వచ్చే కష్టం పాత జీవితం చెరిగిపోవడం కాదు, కొత్త సంగతులు నిలవకపోవడం. పేరు, ఊరు గుర్తుంటాయి, పొద్దున ఎవరు వచ్చి వెళ్లారో గుర్తుండదు. ఇంక మొదటి దెబ్బకి పోయినది రెండో దెబ్బకి తిరిగి రావడమంటారా, అది సినిమాల్లోనే. వాస్తవంలో రెండో దెబ్బ మొదటిదాని పని పూర్తిచేస్తుంది. ఈ సూత్రం తెలిసి ఉంటే మన తెలుగు సినిమా విలన్లు కూడా దుడ్డుకర్ర ఎత్తేముందు రెండుసార్లు ఆలోచించేవాళ్లు.

అయితే నా అసలు కోపం అసంభవం మీద కాదు. అసంభవాల్లేని కథ కావాలంటే రైల్వే టైంటేబులు చదువుకోవచ్చు, అదీ అన్నిసార్లూ నమ్మలేం. నా కోపం ఆ అసంభవాలన్నీ ఒకే వైపుకి పనిచెయ్యడం మీద. ఒక దొరబిడ్డ మ్యూజిక్ హాల్ పిల్లని పెళ్లి చేసుకున్నాడు. 1920 నాటి ఇంగ్లండులో ఆ పెళ్లి రాండమ్ హాల్ గుమ్మం దాటి లోపలికి వచ్చేదా? బావలు, అక్కలు, వదినెలు, లాయర్లు ఊరుకునేవాళ్లా? నిజం దొరలు అలాంటి చోట ఏం చేసేవాళ్లో అందరికీ తెలుసు. జ్ఞాపకశక్తి దివ్యంగా పనిచేస్తూ ఉండగానే, చేతిలో కొంత డబ్బు పెట్టి పంపించేసేవాళ్లు. హాలీవుడ్డుకి అలాంటి హీరో వద్దు. భార్యని వదిలెయ్యాలి, చేతికి మసి అంటకూడదు. అందుకని ఒక టాక్సీని బాడుగకి మాట్లాడారు.

ఈ పథకం మనకి కొత్తది కాదు. మహాభారతంలో దుష్యంతుడు ఏమీ మరిచిపోలేదు. శకుంతల కొడుకుని తీసుకుని సభకి వస్తే, అన్నీ గుర్తుండే, ఎరగనన్నాడు. లోకానికి జంకాడు. ఉంగరం లేదు, శాపం లేదు, ఆకాశవాణి చెబితే గానీ ఒప్పుకోలేదు. కాళిదాసు దగ్గరికి వచ్చేసరికి ఆ రాజు నాటకానికి నాయకుడు కావాలి. ఎరిగి ఎరిగి భార్యని కాదన్నవాడు నాయకుడెలా అవుతాడు? కనక దూర్వాసుడొచ్చాడు, శాపమొచ్చింది, ఉంగరం నీళ్లలో పడింది, చేప మింగింది, జాలరి దొరికాడు. రాజుగారి పరువు ఒడ్డున పడింది. ఎం.జి.ఎం. వాళ్ల దూర్వాసుడికి నాలుగు చక్రాలున్నాయి, ఉంగరం బదులు తాళంచెవి ఉంది. కాళిదాసు కనీసం ఆ ఉంగరాన్ని శకుంతల వేలికి తొడిగాడు, పారేసుకోవడానికైనా ఆమెది అనేది ఒకటి ఉంది. ఇక్కడ తాళంచెవి కూడా మరిచిపోయినవాడి జేబులోనే.

నన్నయ్య శకుంతలని తలుచుకోండి. నిండు సభలో నిలబడి, రాజు మొహం మీదే, సత్యమంటే ఏమిటో, కొడుకంటే ఏమిటో పద్యం మీద పద్యంగా వాదించింది. తెలుగు బడికి పోయిన ప్రతివాడికీ ఆ గొంతు ఎంతో కొంత తెలుసు. వెయ్యేళ్ల కిందటి అడివిపిల్ల అది. లండన్లో, ఓటు హక్కు వచ్చిన కాలంలో, సొంతంగా జీతం తెచ్చుకుంటున్న పౌలా ఏం చేసింది? మొగుడు చెబుతున్న వ్యాపార ఉత్తరాల్ని షార్ట్‌హ్యాండులో రాసుకుంది.

ఆవిడ సహనానికి ఇంతటితో తృప్తిపడలేదు రచయితలు. మొగుడు ఇంకో అమ్మాయిని పెళ్లి చేసుకోబోయాడు. కిట్టీ అని, వాళ్ల బంధువుల పిల్ల, పదిహేనో ఏటినించీ అతన్ని ఆరాధిస్తోంది. సూజన్ పీటర్స్ వేసింది, అప్పటికి ఆవిడకి 21, కోల్మన్‌కి 51. రక్తసంబంధం లేదని, సవతి వరసని సినిమా జాగ్రత్తగా చెప్పుకుంటుంది. మేనరికాల దేశంలో ఆ సంజాయిషీ అక్కర్లేదు, మనవాళ్లు నేరుగా ముహూర్తం అడుగుతారు. సరే, ఇప్పుడు చట్టం మాటేమిటి? పెళ్లాం బతికుండగా ఇంకో పెళ్లి నేరం, పైగా హాలీవుడ్డులో ప్రొడక్షన్ కోడ్ అనే నీతి నిబంధనలు రాజ్యమేలుతున్న రోజులు. పౌలాయే ఆ అడ్డు తొలగించింది. ఏడేళ్లుగా కనబడని స్మిత్ చనిపోయినట్టు చట్టరీత్యా ప్రకటింపజేసింది. పక్కగదిలో కూచుని సంతకాలు పెడుతున్న మొగుణ్ని కాగితాల మీద చంపి, అతని రెండో పెళ్లికి దారి సుగమం చేసింది. ఇంత పనిచేసే సెక్రటరీకి జీతం పెంచారో లేదో సినిమా చెప్పదు.

చర్చిలో పెళ్లి కోసం పాట ఎంచుకుంటుండగా పాత పెళ్లినాటి కీర్తన చెవిన పడి పెళ్లికొడుకు మొహం ఎక్కడికో పోయింది. కిట్టీ ఆ మొహం చూసింది, తన చోట ఇంకెవరో ఉన్నారని గ్రహించింది, తప్పుకుంది. ఈ సినిమాలో కళ్ల ముందున్నది చూడగలిగిన మనిషి ఆ చిన్నపిల్ల ఒక్కర్తే. అందుకే కాబోలు, ఆమెని త్వరగా పంపించేశారు.

తర్వాత దొరగారు ఎంపీ అయ్యారు. ఎంపీకి విందులిచ్చే భార్య కావాలి. ఎదురుగా సమర్థురాలైన సెక్రటరీ ఉంది. ప్రేమా గీమా అడగను, భాగస్వామ్యం అనుకుందాం అన్నాడు. ఆవిడ ఒప్పుకుంది. చట్టరీత్యా చనిపోయిన మొగుడి విధవరాలు చట్టరీత్యా అదే మొగుణ్ని పెళ్లాడి, అదే మొగుడితో వేరు గదుల్లో కాపరం చేసింది! ఇక్కడ నవ్వని ప్రేక్షకుడికి నేను నమస్కారం పెడతాను. పచ్చలహారం తెచ్చి మెళ్లో వేస్తాడు. ఆవిడ లోపలికెళ్లి, ఒకప్పుడు పేద స్మిత్ కొనిచ్చిన పూసలదండ పెట్టె తీసి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. గార్సన్ ఆ దృశ్యం బాగా చేసింది, అబద్ధమెందుకు. కోల్మన్ గొంతు సంగతి చెప్పక్కర్లేదు, టెలిఫోను డైరెక్టరీ చదివినా ఎవరికో ఒకరికి గుండె కరిగే గొంతు. దర్శకుడు మెర్విన్ లిరాయ్ కూడా ఎక్కడా తొందరపడడు. అందరూ ఇంత బాగా చేశారు గనకే ఈ రాత రాయాల్సి వస్తోంది. చెత్తగా తీసిన అబద్ధాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోరు.

ఇంతకీ జ్ఞాపకం ఎలా తిరిగొచ్చింది? కార్మికుల పుణ్యాన. మెల్‌బ్రిడ్జ్ కేబుల్ ఫ్యాక్టరీలో సమ్మె. పరిష్కరించడానికి దొరగారు ఊళ్లోకొచ్చారు, పరిష్కరించారు, కార్మికులు జేజేలు కొట్టారు. ఆ పాత వీధుల్లో నడుస్తూ, ఎన్నడూ రాలేదనుకున్న ఊళ్లో పొగాకు కొట్టెక్కడుందో అడక్కుండానే చెప్పేశారు. అక్కణ్నించి తీగ లాగితే డొంకంతా కదిలింది. సమ్మె ఎందుకు చేశారో, ఎంత కూలీ అడిగారో, ఎంతకి ఒప్పుకున్నారో మనకెవరూ చెప్పరు. అవి 1930ల రోజులు. ఇంగ్లండులో లక్షలమందికి పనిలేని కాలం. అంతటి కాలంలో ఓ ఊరు ఊరంతా పస్తులుండి సమ్మె కట్టింది ఎందుకంటే, యజమానిగారికి పొగాకు కొట్టు గుర్తురావడానికి. వర్గపోరాటానికి ఇంత కళాత్మకమైన ఉపయోగం కనిపెట్టినందుకు స్టూడియోవారిని మెచ్చుకోవాలి.

నవ్వు కాసేపు పక్కన పెడతాను. 1918 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని లియాన్ రైల్వేస్టేషన్లో ఒక సైనికుడు దొరికాడు. జర్మనీనించి తిరిగొచ్చిన యుద్ధఖైదీల్లో ఒకడు. పేరు తెలీదు, ఊరు తెలీదు. గొణుగుడులోంచి వినబడిన శబ్దాలని పట్టుకుని ఆంథెల్మ్ మాంజ్యాన్ అని రాసుకున్నారు. పత్రికల్లో ఫొటో వేస్తే దేశం నలుమూలల నించీ కుటుంబాలు కదిలొచ్చాయి. మా కొడుకంటే మా కొడుకని, మా ఆయనంటే మా ఆయనని. యుద్ధంలో మాయమైపోయి శవం కూడా దొరకనివాళ్లు లక్షల్లో ఉన్నారు, అందరి ఆశా ఆ ఒక్క మొహం మీదే. కోర్టులు ఏళ్ల తరబడి విచారించాయి. 1938లో అతను ఆక్టావ్ మోంజ్వాన్ అని తేలింది. తేలేసరికి తండ్రీ, అన్నదమ్ముడూ పోయారు. అతను ఆసుపత్రిలోనే ఉండిపోయి 1942లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో చనిపోయాడు. ఆ ఏడాది డిసెంబరులోనే న్యూయార్క్‌లో ‘రాండమ్ హార్వెస్ట్’ విడుదలైంది. సినిమా మొదట్లో ఒక ముసలి జంట ఆసుపత్రికొచ్చి, స్మిత్‌ని చూసి, మా వాడు కాదని తల అడ్డంగా ఊపి వెళ్లిపోతారు. రెండు గంటల సినిమాలో నిజం తొంగిచూసిన చోటు అదొక్కటే. తర్వాత పౌలా వచ్చి దాన్ని పాటతో కప్పేసింది.

బ్రిటన్లో కూడా షెల్ షాక్ (యుద్ధం మనసుకి చేసే గాయం) అందరికీ ఒకేలా రాలేదు. అధికారికి వస్తే క్రెయిగ్‌లాక్‌హార్ట్ వంటి ఆసుపత్రి, తోట, గోల్ఫు, మాట్లాడే డాక్టరు. సిపాయికి వస్తే పిరికిపంద అన్న అనుమానం. పారిపోయారనీ, పిరికితనం చూపారనీ, ఇంకా అలాంటి నేరాలకీ సొంత సైన్యమే కాల్చిచంపిన 306 మందికి బ్రిటిష్ ప్రభుత్వం 2006లో క్షమాభిక్ష పెట్టింది. వాళ్లలో ఎంతమంది తల దిమ్మెక్కి కందకం వదిలి నడుచుకుంటూ పోయినవాళ్లో! వాళ్లకి మంచు అడ్డురాలేదు, గేటు తెరిచి లేదు, పొగాకు కొట్లో గ్రీర్ గార్సన్ లేదు. విచిత్రమేమిటంటే ఇదంతా సినిమాలో అందరికంటే బాగా తెలిసిన మనిషి కోల్మనే. 1914లో మెస్సీన్ దగ్గర యుద్ధంలో గాయపడి సైన్యం వదిలొచ్చినవాడు, కాలు కుంటేది. ఆ కుంటుని తెర మీద కనబడకుండా జీవితమంతా దాచుకున్నాడు. హీరోకి మెదడు దెబ్బతినొచ్చు గాని కాలు దెబ్బతినకూడదు.

ఏమైతేనేం, ఈ సినిమాకి జనం ఎగబడ్డారు. రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో వారాల తరబడి ఆడింది. ఆస్కారుకి ఏడు నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ దక్కలేదు. గార్సన్‌కి ఆ ఏడాది ఆస్కారు వచ్చింది గాని, దీనికి కాదు, ‘మిసెస్ మినివర్’కి. (ఆ సినిమాలో తనకి కొడుకుగా వేసిన రిచర్డ్ నేని ఆవిడ 1943లో పెళ్లి చేసుకుంది. ఈ ముక్క స్క్రీన్‌ప్లేలో రాసి ఉంటే నిర్మాత నమ్మశక్యంగా లేదని కొట్టేసేవాడు.) జేమ్స్ ఏజీ అనే విమర్శకుడు మాత్రం, కోల్మన్ మతిమరుపుని రెండు గంటలు భరించగలిగి, పొద్దున్నే ఫలహారానికి గిన్నెడు గడ్డం సబ్బు ఇష్టంగా తినగలిగినవాళ్లకి ఈ సినిమా చూడమని చెబుతాను అన్న అర్థంలో ఒక చురక వేశాడు. హాలు నిండా కూచున్న ఆడవాళ్లకి ఆ చురక వినబడలేదు. వాళ్లు సబ్బు తినడానికి రాలేదు. వాళ్ల మొగుళ్లు పసిఫిక్‌లోనో, ఉత్తర ఆఫ్రికాలోనో ఉన్నారు. తిరిగొచ్చినవాడు తమని ఎరగనట్టు చూస్తే ఏం చెయ్యాలన్న భయం వాళ్లది. స్టూడియో ఇచ్చిన జవాబు, చప్పుడు చెయ్యకుండా పక్కన కూచో, కాఫీ అందించు, టైపు కొట్టు, ఓపిక పడితే పదిహేనేళ్లకైనా గుర్తుపడతాడు అని. భయం నిజం, జవాబు మోసం. టిక్కెట్టు డబ్బులు మాత్రం రెండిటికీ కలిపే తీసుకున్నారు.

మన దేశం ఈ మతిమరుపుని ఆలస్యం చెయ్యకుండా దిగుమతి చేసుకుంది. మద్రాసులో మన తెలుగువాడే తాతినేని ప్రకాశరావు దర్శకత్వంలో 1956లో తమిళ ‘అమరదీపం’ వచ్చింది, ఆయనే దాన్ని 1958లో హిందీలో ‘అమర్‌దీప్’ చేశాడు. బెంగాల్లో 1957లో ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్‌లతో ‘హారానో సుర్’. బెంగాలీవాళ్లు హీరోయిన్ని ఏకంగా డాక్టర్ని చేశారు. అంత చదువు చదివిన డాక్టరు మొగుడు మరిచిపోయేసరికి అతనింట్లోనే చిన్నపిల్లకి గవర్నెస్‌గా చేరింది. ఇంగ్లండు హీరోయిన్ పైకెక్కి సెక్రటరీ అయితే, మన హీరోయిన్ కిందికి దిగి పిల్లల్ని చూసుకుంది. పాతివ్రత్యం విషయంలో మనం ఎవరికీ తీసిపోం.

చివరికి డెవన్ పల్లెకి వద్దాం. దొరగారు పాత ఇంటి ముందు నిలబడ్డారు. గేటు అదే కీచు, కొమ్మకి అవే పూలు, తాళం అదే తాళం. ఇన్నేళ్లలో ఏ ఇంటి యజమానీ నూనె చుక్క వేసిన పాపాన పోలేదు. తాళంచెవి పెట్టి తిప్పాడు, తలుపు తెరుచుకుంది. వెనకనించి ఆవిడ పిలిచింది, ఇతను తిరిగాడు, పేరు పెట్టి పిలిచాడు, కౌగిలించుకున్నారు, సంగీతం లేచింది, సినిమా అయిపోయింది. ఎందుకంత హడావిడిగా ముగించారో తర్వాతి నిమిషం ఊహిస్తే తెలుస్తుంది. జ్ఞాపకం మొత్తంగా వచ్చిందంటే కొడుకు కూడా గుర్తొచ్చినట్టే కదా. ఒక్క రాత్రికని ఊరెళ్లిన తండ్రి, ఇల్లు చేరగానే నోట వచ్చే మొదటి మాట ‘బాబేడీ?’ అనే. దానికి ఆవిడ జవాబు చెప్పాలి. చెప్పాక రెండో ప్రశ్న వస్తుంది, ‘ఇన్నేళ్లూ నా ఎదురుగానే ఉండి ఎందుకు చెప్పలేదు?’ అని. దానికి ఆవిడ, చేతిరుమాలుతో కళ్లు తుడుచుకుంటూ, డాక్టరుగారు వద్దన్నారండీ అనాలి. ఏ డాక్టరు అని అతను అడగకముందే తెర దించేశారు.